తలుపు దగ్గరి కుర్చీ

ఇరవయ్యారేళ్లు కోర్టులో టైపు కొట్టాను.
ఎనిమిదేళ్లు అని కొట్టడానికి
మూడు సెకన్లు పట్టదు.
కార్బన్ కాగితం నలుపు వేళ్లకి అంటితే
మధ్యాహ్నం దాకా సబ్బుకి లొంగేది కాదు, అంతే.

కార్నర్ బ్రూక్‌లో నవంబరుకే మంచు పడుతుంది.
ఇప్పుడు మంగళవారాలు, చర్చి నేలమాళిగలో
హీటరు పక్కన ఐదు కుర్చీలు వేస్తాను.
కాగితం మిల్లులో కరెంటు పని చేసి మానేసిన క్లీటస్,
మాట తక్కువ నర్సు జెరల్డీన్,
కాలేజీ కుర్రాడు ఓరిన్,
నేను.
ఐదోవాడు లియాండర్ పార్క్,
జైలు నుంచి వచ్చి పద్నాలుగు నెలలు.
తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ నాదే.
ఎందుకని ఎవరూ అడగలేదు.

అతని తీర్పు కొట్టింది నేనే.
అతనికి తెలియదు.
పదకొండో పేజీలో ఆ పిల్ల వయసు
తప్పు కొట్టాను. తెల్లరంగు పూసి,
ఆరిందాకా ఊది, మళ్లీ కొట్టాను.
తొమ్మిది.
వేలితో తడిమితే ఆ అంకె కింద
ఇంకా గరుగ్గా తగులుతుందేమో.

ప్రతి వారం అవే ప్రశ్నలు.
ఏ దారిన నడిచావు? ఎవరితో మాట్లాడావు?
ఆ ఆలోచన వచ్చిందా?
వస్తే, మాలో ఎవరికి ఫోన్ చేశావు?
ఈతకొలను వీధికీ బడి వీధికీ
ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు కొట్టిన ఊరి పటం
బల్ల మీద పరుస్తాడు.
ఒకసారి అన్నాడు:
"గురువారం బస్సు తప్పింది. బడి వదిలే వేళ.
మంచులో రెండు మైళ్లు చుట్టు తిరిగి ఇంటికెళ్లాను."
క్లీటస్ మెచ్చుకోలుగా తలాడించాడు.
నాకు ఒళ్లు మండింది.
చెయ్యకూడనిది చెయ్యనందుకు
మనిషికి మెప్పా?

ఆ రాత్రి చేపల సూపు గిన్నెలోనే చల్లారింది.
జైల్లోనే కుళ్లనివ్వాల్సింది, అంటాడు మా అన్న.
ఊళ్లో సగం మందిదీ అదే మాట.
నాలో సగానిదీ.
మిగతా సగం నిద్రపోనివ్వదు:
ఎనిమిదేళ్లు గోడ వంక చూసి వచ్చినవాడు,
ఎవరూ పక్కన కూర్చోకపోతే,
తొమ్మిదో ఏట ఎవరి వంక చూస్తాడు?

నోరీన్ మందుల షాపులో పనిచేస్తుంది.
ఇరవై నిండలేదు. గోళ్లు చర్మం దాకా కత్తిరించుకుంటుంది.
శనివారం నా బిపి బిళ్లలు సంచిలో వేస్తూ,
తల ఎత్తకుండా:
"అప్పుడు కోర్టు వరండాలో
మీరు నాకు పిప్పరమెంటు ఇచ్చారు."
నాకు గుర్తులేదు.
"మంగళవారాలు వాడితో కూర్చుంటారట."
నాలుక పిడచకట్టుకుపోయింది. అవునన్నాను.

"ఎనిమిదేళ్లు నాకు చాలలేదు. ఎనభై అయినా చాలదు.
ఆ లెక్క నాది, మీరు వెయ్యలేరు."
నా వెనక ఎవరో దగ్గారు.
"వాడు మంచివాడైతే నాకు చెప్పొద్దు.
సంతోషించను. క్షమించను. వినను కూడా.
కానీ పిప్పరమెంటు ఇవ్వాల్సిన పిల్ల
ఇంకొకతె ఆ వరండాకి రాకూడదు.
అది మీ పని."
రసీదు మడిచింది.
"డాలరు పదిహేను సెంట్లు మీకు రావాలి."
ఆ చిల్లర కిటికీ గట్టు మీదే ఉంది.
ఖర్చు పెట్టబుద్ధి కావడంలేదు.

ఈ మంగళవారం మంచు మోకాళ్ల దాకా.
లియాండర్ ఏడు నిమిషాలు ఆలస్యం.
ఆ ఏడు నిమిషాల్లో
ఊళ్లోని పిల్లలందరినీ
పేరుపేరునా తలుచుకున్నాను.
మెట్ల మీద బూట్లు దులిపిన చప్పుడు.
పటం పరిచాడు.
"మిల్లు వీధిలో పిల్లల లైబ్రరీ తెరుస్తున్నారట.
ఇక ఈ వీధి కూడా," అన్నాడు.
గీత సగంలో పెన్సిలు ములుకు విరిగింది.
అందరూ అతని చేతి వంకే చూస్తున్నారు.
నా సంచిలో షార్ప్‌నర్ ఉంది.
తీసి బల్ల మీదుగా జరిపాను.

కుర్చీ మాత్రం జరపలేదు.